మామ మాట .30-06, అల్లుడి మాట మ్యాగ్నమ్

ఎల్బీనగర్ చౌరస్తా దాటి విజయవాడ రోడ్డెక్కితే వనస్థలిపురం దగ్గర కంచె వెనక తుమ్మలు, తుప్పలు కనిపిస్తాయి. అదే మహావీర్ హరిణ వనస్థలి. ఒకప్పుడు నిజాం షికారుకు వచ్చిన నేల. మహావీరుడి 2500వ నిర్వాణ వార్షికోత్సవం గుర్తుగా 1975లో ఈ పేరు పెట్టి జింకలకు వదిలేశారు. సుమారు 3,600 ఎకరాల్లో కృష్ణజింకలు, దుప్పులు, అడవి పందులు, నెమళ్లు తిరుగుతుంటాయి. తుపాకీ మోత ఆగి దశాబ్దాలు గడిచిన ఆ కంచె చుట్టుపక్కలే ఒక మామకూ మేనల్లుడికీ మధ్య తుపాకీ గురించి ఒక రోజంతా వాదం నడిచింది.

మామ స్పెషల్ పోలీసులో ఆర్మరర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. .303 లీ ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లను విప్పడం, తుడవడం, నూనె రాసి మళ్లీ బిగించడం, ఇదే ఆయన కొలువు. సొంతూరు దేవరకొండ వైపు, ఇల్లు ఎల్బీనగర్‌లో. అల్లుడు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల మెట్లెక్కి దిగి, డల్లాస్ చేరి, హెచ్-1బి వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. ఆఫీసు మిత్రుల వెంట వేటకు వెళ్లొచ్చాక సొంతంగా రైఫిల్ కొనాలన్న కోరిక పుట్టింది. సెలవుల్లో వచ్చినవాడు దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో దగ్గరి హోటల్లో, ఇరానీ చాయ్ ముందు, ఫోన్ తీసి మామకు ఒక బొమ్మ చూపించాడు.

"ఇది మామా. .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్. నవంబర్‌ల టెక్సాస్‌ల దుప్పి, వచ్చే ఏడు కొలరాడోల ఎల్క్. రెంటికీ ఒక్కటే తుపాకి సరిపోతది."

మామ బొమ్మ వైపు చూడలేదు. "కార్తూసు పేరు ముందు చెప్పినవ్. అంటే ఉల్టా మొదలుపెట్టినవ్. ఏ జంతువు, ఎంత దూరం, నీ భుజం ఎంత ఆపుతది? ఈ మూడూ తేలినంక కార్తూసు దానంతటదే తేలుతది."

"జంతువు చెప్పిన గదా. టెక్సాస్ దుప్పి అరవై కిలోలు ఉంటే గొప్ప. ఎల్క్ పోతు మూడు వందల కిలోలు దాటుతది. పెద్దదానికి సరిపోయేది కొంటే చిన్నదానికీ సరిపోతది. చిన్నదానికి కొంటే పెద్దదానికి చాలదు. లెక్క సింపుల్."

"లెక్కనే చేద్దాం పట్టు" అని మామ జేబులోంచి పెన్ను తీశాడు. బిల్లు కాగితం వెనక రెండు గీతలు గీశాడు. 180 గ్రెయిన్ల గుండును .30-06 రైఫిల్ సెకనుకు 2,700 అడుగుల వేగంతో పంపిస్తుంది. .300 మ్యాగ్నమ్ అదే గుండును 2,950 అడుగుల వేగంతో పంపిస్తుంది. గొట్టం నోటి దగ్గర మొదటిదాని శక్తి సుమారు 2,900 ఫుట్ పౌండ్లు, రెండోదానిది 3,500. ఇంతవరకు అల్లుడిదే పైచేయి. మామ రెండో గీత దగ్గరికి వచ్చాడు. రెండు రైఫిళ్లనూ 200 గజాలకు సరిచేసి పెట్టి 300 గజాల మీద కాలిస్తే మొదటిది ఎనిమిది, తొమ్మిది అంగుళాలు కిందికి దిగుతుంది. రెండోది ఏడు అంగుళాలు దిగుతుంది.

"ఒకటి రెండు అంగుళాల తేడా కోసం, భుజం మీద దెబ్బ మూడో వంతు ఎక్కువ పడ్తది. అదీ కనీసం. గా దెబ్బకు భయపడి, మీట నొక్కకముందే కన్ను మూస్తవ్. కన్ను మూస్తే తప్పేది అంగుళం కాదు, అడుగు."

"నేను మూయను."

"అందరూ అదే అంటరు. బెటాలియన్ల మేం ఒక పని చేసేటోళ్లం. నిండు తూటాల నడుమ వాడికి తెల్వకుండ ఒక డమ్మీ పెట్టేది. మీట నొక్కినప్పుడు టక్ మంటది, పేలదు. కానీ తుపాకి మూతి మాత్రం కిందికి దుంకుతది. గప్పుడు తెలుస్తది ఎవడు మూస్తున్నడో."

అల్లుడు తగ్గలేదు. గాలి సంగతి ఎత్తాడు. కొలరాడో కొండల్లో గాలి అడ్డంగా కొడుతుంది. వేగం ఎక్కువున్న గుండు గాలికి తక్కువ కొట్టుకుపోతుంది. నిజమే, మామ ఒప్పుకున్నాడు. కానీ గంటకు పది మైళ్ల గాలిలో 400 గజాల దగ్గర ఆ తేడా కూడా అంగుళమో రెండో. గాలి వేగాన్ని కంటితో అంచనా కట్టడంలో మనిషి చేసే పొరపాటు అంతకంటే పెద్దది.

"అసలు 400 గజాలు నువ్వెందుకు కొడ్తవ్? దగ్గరికి పోరాదూ?"

ఈ ప్రశ్నకు అల్లుడి దగ్గర జవాబు లేకపోలేదు. ఎల్క్ పచ్చిక మైదానం నడుమ నిలబడితే దగ్గరికి పోయే చాటు ఉండదు. అయినా టెక్సాస్‌లో తాను ఇప్పటిదాకా చూసిన వేటంతా వంద గజాల లోపేనని ఒప్పుకున్నాడు. మంచె లాంటి గుడిసెలో కూర్చుంటారు, ఎదురుగా మక్కలు చల్లే డబ్బా ఉంటుంది, దుప్పి దాని దగ్గరికి వస్తుంది.

అక్కడ మామ కొంచెం దూరం పోయాడు. ఆఫ్రికాలో బెల్ అనే వేటగాడు వెయ్యికి పైగా ఏనుగులను కొట్టాడని, వాటిలో ఎక్కువ భాగం 7 మి.మీ. మౌజర్ తూటాకే పడ్డాయని, అంత చిన్న తూటాకు ఏనుగు పడినప్పుడు నీ ఎల్క్ ఎంత అని దబాయించాడు. అల్లుడు దాన్ని ఒడిసి పట్టుకున్నాడు. "బెల్ ఏనుగు పుర్రెను రంపంతో కోసి మెదడు ఎక్కడుంటదో చూసుకున్న మనిషి. ఆయన వాడింది విచ్చుకోని గట్టి గుండు, కొట్టింది మెదడును. నేను గట్ల కొట్టగలనా? ఇప్పుడు ఆఫ్రికాల చాలా దేశాలు ఏనుగుకు, అడవి దున్నకు .375కు తక్కువ తుపాకి తెస్తే ఒప్పుకోవు. గా రూలు ఊరికే పెట్టలే." మామ చాయ్ గుక్క మింగి, బెల్ మాట వెనక్కి తీసుకున్నాడు.

బదులుగా స్వీడన్‌ను ముందుకు తెచ్చాడు. అక్కడి మూస్ పోతు ఎల్క్ కంటే పెద్ద జంతువు. వంద ఏళ్లుగా అక్కడి జనం 6.5 × 55 అనే మితమైన తూటాతోనే దాన్ని కొడుతున్నారు. పెద్ద జంతువుల వేటకు స్వీడన్ పెట్టిన నియమం కూడా మరీ ఘనమైనదేమీ కాదు: గుండు బరువు పది గ్రాములకు తగ్గకుంటే వంద మీటర్ల దగ్గర 2,000 జౌళ్ల శక్తి చాలు. అల్లుడు వెళ్లబోయే కొలరాడోలో నియమం ఇంకా తేలిక. ఎల్క్‌కు .24 కాలిబరుకు తగ్గకూడదు, గుండు 85 గ్రెయిన్లకు తగ్గకూడదు, వంద గజాల దగ్గర వెయ్యి ఫుట్ పౌండ్ల శక్తి ఉండాలి, గుండు విచ్చుకునే రకం కావాలి. .30-06 గుండుకు 300 గజాల దగ్గర కూడా దీనికంటే చాలా ఎక్కువ శక్తి మిగులుతుంది.

"చట్టం పెట్టింది కనీసం మామా. కనీస మార్కులతో పాసవ్వమని దిల్‌సుఖ్‌నగర్‌ల ఏ సారూ చెప్పలే నాకు."

మామకు నవ్వొచ్చింది. బిల్లు కట్టడానికి లేచాడు. అప్పుడే అల్లుడి గ్లాసు ఏ చేతిలో ఉందో చూశాడు.

"నువ్వు ఎడమచేతి వాటం గదరా. ఈ బొమ్మల బోల్టు ఎటు దిక్కున్నది?"

అల్లుడు ఫోన్ మళ్లీ తెరిచాడు. బోల్టు పిడి కుడివైపు ఉంది. ఎడమ భుజానికి రైఫిల్ ఆనించేవాడు ప్రతి తూటాకూ ఎడమచేతిని మీట మీంచి తీసి, తుపాకీ మీదుగా అవతలికి చాచి బోల్టు తిప్పాలి. ఇన్నాళ్లు మిత్రుల తుపాకీలతో అదే పాట్లు పడ్డాడు, తుపాకీలన్నీ అంతేననుకున్నాడు. టికా, సావేజ్ వంటి కంపెనీలు ఎడమచేతి బోల్టుతో కూడా రైఫిళ్లు చేస్తాయి. కానీ అల్లుడు ముచ్చటపడిన ఆ మోడల్ వివరాల్లో ఎడమచేతి ఊసే లేదు. గంటసేపు సాగిన మ్యాగ్నమ్ వాదంలో తేలనిది ఆ ఒక్క చూపుతో సగం తేలింది.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్‌కు మెట్రోలో మూడే స్టేషన్లు: చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్బీనగర్. ఆ కాసేపూ తుపాకీ, తూటా అన్న మాట ఎత్తొద్దని మామ కట్టడి చేశాడు. 2013 ఫిబ్రవరి జంట పేలుళ్లను చూసిన చోటు దిల్‌సుఖ్‌నగర్. అలాంటి మాట చెవిన పడితే పక్క సీటులో మనిషి ఉలిక్కిపడడా మరి.

ఇంటికి చేరాక వాదం బోల్టు మీదికి మళ్లింది. మామ తలుపు గడియ దగ్గర నిలబడి చేసి చూపించాడు. పిడి పైకెత్తితే తాళం వీడుతుంది. వెనక్కి లాగితే కాలిన ఖాళీ తూటా బయటపడుతుంది. ముందుకు తోస్తే మ్యాగజైన్ నుంచి కొత్త తూటా గదిలోకి పోతుంది. పిడి కిందికి దించితే మళ్లీ బిగుసుకుంటుంది. తలుపు గడియకూ రైఫిల్ బోల్టుకూ పని ఒక్కటే. కాకపోతే ఈ గడియ వెనక చదరపు అంగుళానికి అరవై వేల పౌండ్ల ఒత్తిడి పుడుతుంది. దాన్ని ఆపేది బోల్టు మీది చెవులు. మౌజర్‌లో ఆ చెవులు ముందు భాగంలో, తూటా పక్కనే ఉంటాయి. లీ ఎన్‌ఫీల్డ్‌లో వెనక ఉంటాయి.

"అందుకే నీ ఎన్‌ఫీల్డ్ బోల్టు ఒత్తిడికి కొంచెం సాగుతది" అన్నాడు అల్లుడు.

"సాగుతది. కాదనను. కానీ అంత తొందరగ తిరిగే బోల్టు ఇంకోటి నేను చూడలే. పది తూటాలు, నీళ్ల లెక్క పోతది."

"వేటల పది తూటాలు ఎందుకు మామా? మొదటిది సరిగ్గ పడాలె. బోల్టు తుపాకి కొనేదే దానికి గదా?"

ఇక్కడ అల్లుడిది న్యాయమైన మాట. బోల్ట్ యాక్షన్‌లో కదిలే భాగాలు తక్కువ, బిగింపు గట్టి. దుమ్ము, తేమ తగిలినా విప్పి తుడిచేయడం తేలిక. పేలే క్షణంలో కదలకుండా ఉంటుంది కాబట్టి గురి నిలకడగా ఉంటుంది. రెండో తూటాకు చెయ్యి కదపాలి కాబట్టి మొదటిదాన్ని మనిషి ఆలోచించి కాలుస్తాడు.

మామ మనసు మాత్రం 1898 నాటి మౌజర్ పంజా దగ్గరే ఉంది. ఆ పద్ధతిలో బోల్టుకున్న వెడల్పాటి పంజా మ్యాగజైన్ నుంచి తూటా పైకి లేవగానే దాని అంచును పట్టుకుంటుంది, కాలిన తూటాను బయట పడేసేదాకా వదలదు. తుపాకీ తలకిందులుగా ఉన్నా తూటా జారదు. ఆధునిక రైఫిళ్లలో చాలావాటికి ఈ పంజా లేదు. తూటాను ముందుకు తోసి, చివర్లో చిన్న కొక్కెంతో పట్టుకుంటాయి. విన్‌చెస్టర్ మోడల్ 70 కథ ఈ తగాదాకు మంచి సాక్ష్యం. 1936లో పంజాతో వచ్చింది. ఖర్చు తగ్గించడానికి 1964లో పంజా తీసేశారు. వేటగాళ్లు ఎంతగా సణిగారంటే '1964కు ముందుది' అన్న మాటే పాత రైఫిళ్లకు ధర పెంచే ముద్రగా మారింది. 1990లలో కంపెనీ పంజాను తిరిగి తెచ్చింది.

"చూసినవా, వాళ్లే వెనక్కి వచ్చిన్రు" అన్నాడు మామ.

"పులి మీదికి దుంకుతుంటే పంజా కావాలె, ఒప్పుకుంట. దుప్పి నా మీదికి దుంకదు. అమెరికాల లక్షల మంది తోసే రకం బోల్టుతోనే వేటాడుతున్నరు. పైసలు తక్కువ, గురి ఎక్కువ."

పులి మాట వచ్చింది కాబట్టి జిమ్ కార్బెట్ రాక తప్పలేదు. చంపావత్ ఆడపులిని 1907లో కొట్టినందుకు కార్బెట్‌కు బహుమానంగా దక్కింది .275 రిగ్బీ. అది 7 మి.మీ. మౌజర్ తూటా వాడే బోల్టు రైఫిలే. 1926లో రుద్రప్రయాగ చిరుతను దానితోనే కొట్టాడు. మీదపడే పులుల కోసం మాత్రం .450/400 జోడు గొట్టాల తుపాకీని కూడా దగ్గర ఉంచుకునేవాడు. మామ ఇదంతా మౌజర్ ఖాతాలో వేశాడు. అల్లుడు చిత్తూరు జిల్లాను చూపించాడు. చామల లోయలో నరభక్షక పులి వెంట తిరిగిన బెంగళూరు వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ చేతిలో ఉన్నది .405 విన్‌చెస్టర్, బోల్టు కాదు, కింద లీవరు లాగే రకం. మనిషి అలవాటు పడ్డ తుపాకీయే మనిషికి మంచి తుపాకీ అని అల్లుడి వాదం. నిజానికి పొద్దున మామ భుజం గురించి చెప్పిందీ ఆ మాటే. ఇద్దరూ గమనించలేదు.

తక్కిన భాగాల మీద తగాదా తొందరగానే తెమిలింది. కుందా వాల్‌నట్ చెక్కదా, ప్లాస్టిక్‌దా? చెక్క అందం, కానీ వానకు ఉబ్బి గొట్టాన్ని నొక్కితే గురి కదిలిపోతుంది. అల్లుడు గెలిచాడు. స్కోపు కావాలా, ఇనుప గురి చాలా? డెబ్బై దగ్గరపడ్డ మామ కళ్లు దూరపు అక్షరాలకే ఇబ్బంది పడుతున్నాయి, స్కోపుకు ఒప్పుకున్నాడు. కానీ 6 నుంచి 24 రెట్లు పెంచే బండ స్కోపు మీద పట్టుబట్టి కాదన్నాడు. పొదలో ముప్పై గజాల్లో జంతువు లేస్తే ఆరు రెట్ల స్కోపులో వెంట్రుకలు తప్ప ఏమీ కనిపించవు. 3 నుంచి 9 చాలు. మూడు రెట్లలో దగ్గరిది దొరుకుతుంది, తొమ్మిది రెట్లలో 300 గజాలది దొరుకుతుంది.

కొలతల దగ్గర మామ కర్ర తీసుకుని అల్లుడి భుజానికి ఆనించాడు. అమెరికా కంపెనీలు చాలావరకు మీట నుంచి కుందా చివరిదాకా పదమూడున్నర అంగుళాలు పెడతాయి. పొట్టి చేతులవాడు చలికోటు తొడిగితే అది ఎక్కువైపోతుంది. మెడ చాచాలి, చెంప సరిగ్గా ఆనదు. స్కోపుతో కలిపి బరువు మూడున్నర, నాలుగు కిలోలు ఉంటే కొండ ఎక్కవచ్చు, దెబ్బ కూడా ఓర్చుకోవచ్చు. మీట లాగుడు ఒకటిన్నర కిలో చుట్టూ ఉంటే మంచిది. పాత రెమింగ్టన్ 700 కొనేవాడు మీట సంగతి తప్పక కనుక్కోవాలి. 2006 నుంచి 2014 వరకు తయారైన ఎక్స్-మార్క్ ప్రో మీటలను, తాకకుండానే పేలే ప్రమాదం ఉందని, కంపెనీయే 2014లో వెనక్కి పిలిచింది.

సాయంత్రం హరిణ వనస్థలికి పోదామన్నది మామ. సఫారీ వ్యాన్ కిటికీలోంచి చూస్తుంటే ఒక మగ కృష్ణజింక పక్కకు తిరిగి నిలబడింది.

"ఎక్కడ కొడ్తవ్?"

"ముందుకాలు వెనక, ఛాతీల కింది నుంచి మూడో వంతు ఎత్తుల. గుండె, ఊపిరితిత్తులు."

"దుప్పికి గా చోటు మన టిఫిన్ ప్లేటంత. ఎనిమిది అంగుళాలు. ఎంత దూరం నుంచి పదికి పది దాంట్ల పెట్టగలవో, అదే నీ దూరం. కార్తూసు డబ్బా మీద రాసిన దూరం నీది కాదు. ఇప్పుడు కొట్టొచ్చునా?"

అల్లుడు మళ్లీ చూశాడు. "వద్దు. వెనక పొద పక్కన ఇంకోటి ఉన్నది. గుండు దీంట్లకెల్లి దూరి దానికి తగుల్తది."

మామ ఆ ఒక్క జవాబుకు మెచ్చుకున్నట్టు తల ఊపాడు. నార్వేలో పెద్ద జంతువుల వేటకు పోవాలంటే ప్రతి ఏడూ పరీక్ష పాసవ్వాలి: వంద మీటర్ల దగ్గర ముప్పై సెంటీమీటర్ల వృత్తంలో ఐదుకు ఐదు గుండ్లు పడాలి, అంతకుముందు ముప్పై తూటాల సాధన చేసి ఉండాలి. అలాంటి పరీక్ష టెక్సాస్‌లో లేదు. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు వేట శిక్షణ సర్టిఫికెట్ తీసుకుంటే చాలు. అందుకే పరీక్ష తనకు తానే పెట్టుకోవాలని మామ షరతు.

ఆ శిక్షణ, ఆ లైసెన్సు అల్లుడికి మరో కారణం వల్ల ముఖ్యం. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు. మిత్రుడి తుపాకీ పట్టుకున్నా ఇదే వర్తిస్తుంది. లైసెన్సు గడువు దాటిపోయి తుపాకీ అలమారలో ఉండిపోతే అది ఫెడరల్ నేరం. వీసా, గ్రీన్‌కార్డు ఆశ రెండూ పోతాయి. అంటే తెలుగు టెకీ కొనవలసిన మొదటి వస్తువు రైఫిల్ కాదు, వేట లైసెన్సు.

"మరి ఇక్కడ?" అన్నాడు అల్లుడు, వ్యాన్ దిగుతూ.

ఇక్కడ వేటే లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట్లో లైసెన్సు మీద కొంత వేటను ఉంచింది. 1991 సవరణ దాన్నీ తీసేసింది. కృష్ణజింక సంగతైతే సల్మాన్‌ఖాన్ కేసుతో ఇంటింటికీ తెలుసు: 1998లో జోధ్‌పూర్ దగ్గర జరిగిన వేటకు 2018లో అయిదేళ్ల శిక్ష పడింది. మనుషులకో పంటలకో ప్రమాదంగా మారిన జంతువును చంపేందుకు సెక్షన్ 11 కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఇవ్వొచ్చు. తుపాకీ ఎంపిక కూడా మనిషి చేతిలో లేదు. .303, 7.62 మి.మీ. సైన్యం వాడిన సైజులు కాబట్టి మామూలు పౌరుడికి నిషిద్ధం. మిగిలిన వాటిలో అందుబాటులో ఉన్నది ప్రభుత్వ కర్మాగారం తయారుచేసే .315, అది మామ ఎరిగిన ఎన్‌ఫీల్డ్ వంశమే. ఇషాపూర్ కర్మాగారం .30-06 కూడా చేసింది. విదేశీ రైఫిళ్ల దిగుమతి 1980లలోనే మూతపడింది. 2019 సవరణతో ఒక్కొక్కరికి మూడు తుపాకీల హద్దు రెండుకు దిగింది.

ఇక్కడే ఇద్దరూ నిజంగా ఎదురుబొదురు నిలబడ్డారు. "మన ఊర్ల పందులు పల్లికాయ చేను తవ్వి పోస్తున్నయ్. టెక్సాస్‌ల ఊరపందులను కొట్టనీకి 2019 నుంచి భూమి యజమాని ఒప్పుకుంటే వేట లైసెన్సు కూడా అక్కర లేదు. ఇక్కడ గట్ల తెరిస్తే తప్పేంది?" అన్నాడు అల్లుడు.

"టెక్సాస్ పంది బయటి నుంచి వచ్చింది. మన పంది ఇక్కడిదే, పులికి తిండి. అక్కడ చేను మైళ్లకు మైళ్లు, మనిషి కనపడడు. ఇక్కడ నువ్వు కొట్టిన గుండు పందికి తప్పితే రెండు కిలోమీటర్ల దాకా పోతది. నడుమ బోరుబావి కాడ ఎవడుంటడో నీకేమెరుక?"

అనుమతితో చంపిన చోట్ల ఏం జరిగిందో మామ గుర్తు చేశాడు. 2016 జూన్‌లో బీహార్ మొకామాలో మనుబోతులను కొట్టడానికి పిలిపించింది హైదరాబాద్ వేటగాళ్లనే. కేంద్రం వాటిని హానికర జంతువులుగా ప్రకటించాక రెండు వందలకు పైగా చనిపోయాయి. ఆ విషయమై కేంద్ర మంత్రులు మేనకా గాంధీ, ప్రకాశ్ జవదేకర్ బహిరంగంగానే వాదులాడుకున్నారు. 2018 నవంబర్ 2 రాత్రి, ఆదిలాబాద్ సరిహద్దుకు అవతల యవత్మాల్ అడవిలో అవని అనే ఆడపులిని కాల్చింది హైదరాబాద్ వేటగాడు నవాబ్ షఫత్ అలీఖాన్ కొడుకు అస్గర్ అలీఖాన్. పదమూడు మంది మరణాలు ఆ పులి లెక్కలో వేశారు. అయినా మత్తుమందు ప్రయత్నం సరిగ్గా జరిగిందా, కాల్పుల సమయంలో పశువైద్యుడు ఎందుకు లేడు అన్న ప్రశ్నలు ఆగలేదు. అనుమతి కాగితం ఉన్నచోటే ఇంత రచ్చయితే, అనుమతి లేకుండా ఊరూరా తెరిస్తే ఏమవుతుందని మామ అడిగాడు.

"మరి కరెంటు తీగ మంచిదా? రాత్రి పూట చేను చుట్టూ తీగ పెడ్తరు. పంది సస్తది, బర్రె సస్తది, పొద్దుగాల నీళ్లు పెట్టనీకి పోయిన మనిషి సస్తడు. భర్మార్ నాటు తుపాకితో కొడితే గాయంతో మూడు రోజులు కొట్టుకుంట సస్తది. దానికంటే నేర్చినోడు, మంచి రైఫిల్, విచ్చుకునే గుండు, ఒక్క దెబ్బ. ఏది దయ?"

ఈ ప్రశ్నను మామ కొట్టిపారేయలేకపోయాడు. తీగకంటే తూటా నయమని ఒప్పుకున్నాడు. ఆ తూటా అటవీశాఖ పిలిచిన మనిషిదే కావాలన్నాడు. చదునైన పొలంలో నేల మీంచి రైఫిల్ వద్దన్నాడు. కాల్చేవాడు మంచె మీంచి కిందికి కాల్చాలి, గుండు నేలలో దిగాలి. చెక్కుచెదరని షరతులు ఆ రెండే. ఊరికి వేట తెరవాలన్న అల్లుడి మాట ఊరికి వేట వద్దన్న మామ మాటను ఓడించలేదు, ఓడలేదు కూడా.

రైఫిల్ విషయంలో మాత్రం తీర్పు స్పష్టం. దుప్పి నుంచి ఎల్క్ దాకా, 300 గజాల లోపు, మ్యాగ్నమ్ అక్కర లేదు. .30-06 చాలు, వెనక దెబ్బ ఇంకా తగ్గాలంటే .308 లేదా 7 మి.మీ.-08 కూడా సరిపోతుంది. పంజా మౌజర్ కోసం అదనంగా ఖర్చు పెట్టడం మీదపడే జంతువు ఉన్నచోటనే న్యాయం. కొలతకు సరిపడే కుందా, వాటానికి తగ్గ బోల్టు, 3-9 స్కోపు చూసుకుని, మిగిలిన డబ్బు తూటాల మీద, సాధన మీద పెట్టాలి. కాలిఫోర్నియా లాంటి చోట 2019 జులై నుంచి వేటలో సీసపు గుండ్లు నిషిద్ధం. వెళ్లే రాష్ట్రం నియమం చూసి రాగి గుండు ఎంచుకోవాలి. అల్లుడు చివరికి ఎడమచేతి బోల్టున్న .308 దగ్గర ఆగాడు. .308 అంటే 7.62 మి.మీ. సైజే, ఇక్కడ పౌరుడికి దొరకని ఆ సైజు అక్కడ అందరికంటే సులువుగా దొరికే సైజు కావడం చూసి మామ నవ్వుకున్నాడు.

అమెరికాలో తాత్కాలిక వీసా మీదున్న తెలుగువాళ్లు కొనే ముందు వేట లైసెన్సు తేదీ చూసుకోండి, గడువు దాటనివ్వకండి. ఇక్కడి రైతులు పంటలో పందులు పడితే అటవీశాఖ రేంజ్ ఆఫీసులో రాసి ఇవ్వండి, నష్టపరిహారం అడగండి, అవసరమైతే షూటర్‌ను పంపమని అడగండి. తీగ మాత్రం పెట్టకండి.